హోమ్ సర్వర్ బ్యాకప్: యూఎస్‌బీ డిస్కా, క్లౌడా, ఏది మేలు?

ముందు ఒక సంగతి తేల్చేసుకుందాం. రెండు డిస్కుల్లో ఒకేసారి ఒకే డేటా రాసే రెయిడ్ బ్యాకప్ కాదు. రెండు డిస్కుల్లో ఒకటి పాడైతే సర్వర్ ఆగకుండా నడుస్తుంది, అంతవరకే. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ ఒకేసారి పోతుంది. కాబట్టి పోటీ అంతా యూఎస్‌బీ డిస్క్‌కీ, క్లౌడ్‌కీ, తెలిసినవాళ్ళింట్లో పెట్టే రెండో మెషీన్‌కీ మధ్యే.

వేగంలో డిస్క్‌దే పైచేయి. సెకనుకు 100 ఎంబీ చదివినా 1 టీబీ మూడు గంటల్లోపు వెనక్కి వచ్చేస్తుంది. అదే క్లౌడ్ నుంచి దించుకోవాలంటే, 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు, అంటే 12.5 ఎంబీయే) లైన్ మొత్తం దానికే ఇచ్చినా 22 గంటలు. మొదటిసారి ఎక్కించడం ఇంకా కష్టం: అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ ఉంటే నాలుగున్నర రోజులు దాటుతుంది.

కానీ చాలామంది ఆ డిస్క్‌ని సర్వర్‌కే తగిలించి వదిలేస్తారు. అప్పుడు రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినా, హై వోల్టేజ్ వచ్చినా, దొంగ వచ్చినా రెండూ కలిసే పోతాయి. బ్యాకప్ అవగానే తీసేయాలి. ఇంకో ప్రమాదం ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్‌లో డిలీట్ ఆప్షన్. అసలులో పోయిన ఫైల్‌ని అది కాపీలోనూ తీసేస్తుంది. రెస్టిక్, బోర్గ్ లాంటి బ్యాకప్ ప్రోగ్రామ్‌లు పాత వెర్షన్లు కూడా దాచిపెడతాయి కాబట్టి పోయిన వారం ఎలా ఉందో అలా తెచ్చుకోవచ్చు. డేటాబేస్ నడుస్తుండగా దాని ఫైళ్ళని నేరుగా కాపీ చేయకండి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అయితే ముందు పీజీ డంప్ (డేటా మొత్తాన్ని ఒక ఫైల్‌గా తీసే కమాండ్) తీయాలి.

ఇల్లే కాలితే? అక్కడ క్లౌడ్‌కి సాటి లేదు. అలాగని అదొక్కటే చాలనుకోవద్దు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటరే కాలిపోయింది. వేరే కాపీ లేనివాళ్ళ డేటా తిరిగి రాలేదు. ఇంకోటి, సర్వర్‌లో ఉన్న కీతో (క్లౌడ్‌లోకి వెళ్ళే పాస్‌వర్డ్ లాంటిది) క్లౌడ్ కాపీని కూడా చెరిపేయగలిగితే, లోపలికి చొరబడ్డవాడు ముందు చేసే పని అదే. కొంతకాలం వరకు ఎవరూ డిలీట్ చేయలేకుండా లాక్ పెట్టుకోవాలి.

రెండో మెషీన్ పద్ధతికి నెలనెలా అద్దె ఉండదు. మొదటి కాపీ మన ఇంట్లోనే తీసి మోసుకెళ్ళొచ్చు. అయితే అక్కడ ప్లగ్ పీకేసినా మనకు తెలియదు. ఓపిక ఉన్నవాళ్ళకే అది.

నన్నడిగితే, మొదలుపెట్టేవాళ్ళు ముందు డిస్క్ కొనాలి, సర్వర్‌లోదంతా దానికి. ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రం క్లౌడ్‌కి కూడా. మళ్ళీ దొరికే సినిమాలను పైకి ఎక్కించి డబ్బు తగలేయక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా రిస్టోర్ చేసి చూడనిదే నమ్మొద్దు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ హోస్టింగ్ కంపెనీలో పొరపాటున అసలు డేటాబేస్ డిలీట్ అయినప్పుడు, రోజూ తీస్తున్నామనుకున్న డంప్‌లు ఫెయిలవుతున్నాయని అప్పుడే బయటపడింది. ఫెయిలైందని చెప్పే మెయిళ్ళు కూడా చేరలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా ఎలా ఉందో అలా తీసిన నకలు) ఒకటి దొరికింది.

నేనూ ఒకసారి పాత లాప్‌టాప్‌లో రెస్టిక్ పెట్టి రిస్టోర్ కమాండ్ కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. అది పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉంది, ఆ మేనేజర్ నడిచేది అదే సర్వర్‌లో. ఒళ్ళు చల్లబడింది. నిజంగా సర్వర్ పోయి ఉంటే, క్లౌడ్‌లో ఫోటోలన్నీ భద్రంగా ఉన్నా ఒక్కటీ తెరుచుకునేది కాదు. ఆ సాయంత్రమే కాగితం మీద రాసి ఒకటి బీరువాలో, ఇంకోటి అక్కవాళ్ళింట్లో పెట్టాను. ఇప్పుడు మూడు నెలలకోసారి సర్వర్ ముట్టుకోకుండా, ఆ కాగితం, ఖాళీ లాప్‌టాప్‌తోనే మొదలుపెడతాను. నాలుగు ఫోటోలు తెరిచి చూసి, డేటాబేస్ లేపి లాగిన్ అయ్యాకే బ్యాకప్ ఉన్నట్టు లెక్క.