ఊటీలో గోల్ఫ్, 9,400 బూడిదలో పోసిన కథ

ఊటీ నుంచి వచ్చి వారమైంది, కుడి మడమ మీద బొబ్బ ఇంకా మానలేదు, ఆ మంట మీదే రాస్తున్నా.

మా బావ ఉండేది బెంగుళూరు, రెండేళ్ళుగా గోల్ఫ్ పిచ్చి. "ఊటీ రా, నేర్పిస్తా, సామాను ఇక్కడ చూసుకుందాం" అన్నాడు. ఆగితేగా! హైదరాబాద్‌లో ఓ మాల్‌కెళ్ళి కొనేశా. ఆ సేల్స్ కుర్రాడు "రైట్ హ్యాండరేనా సార్" అని అడిగి కుడిచేతి గ్లవ్ చేతిలో పెట్టాడు, 1,450. మెష్ (జాలీ గుడ్డ) బూట్లు 7,950. బొటనవేలు తగులుతోంది బాబూ అంటే "వేసుకుంటుంటే లూజవుద్ది సార్" అన్నాడు, నేనూ తలూపా.

కోయంబత్తూరు దాకా ఫ్లైట్, అక్కణ్ణుంచి ట్యాక్సీ 3,200. ఊటీకి బండిలో వెళ్ళాలంటే ఈ-పాస్ (ప్రవేశానికి అనుమతి) ఉండాలి, ఆన్‌లైన్‌లో ఫ్రీగానే ఇస్తారు, ముందే తీసుకోండి. హోమ్‌స్టే రాత్రికి 2,800, వేడినీళ్ళు బాగా వచ్చాయి, అంతే.

పొద్దున ఏడింటికి గోల్ఫ్ కోర్సులో దిగాం. క్యాడీ (బ్యాగ్ మోసే) పెద్దాయన నా చెయ్యి చూసి, నేను నిలబడ్డ తీరు చూసి "సార్ లెఫ్టీయా?" అన్నాడు. బావ నవ్వు ఆపుకోలేక బ్యాగ్ మీద వాలిపోయాడు. విషయమేంటంటే కుడిచేతివాటం వాళ్ళు గ్లవ్ ఎడమచేతికి వేసుకోవాలి, క్లబ్ (బంతిని కొట్టే కర్ర) పైభాగాన్ని పట్టుకునేది ఆ చెయ్యే కాబట్టి. ప్యాకెట్ మీద ఎల్‌హెచ్ అని ఉంటే ఎడమచేతికి వేసుకునేదని, ఎడమచేతివాటం వాళ్ళదని కాదు. వేసుకుంటే చర్మంలా అతుక్కోవాలి, అరచేతిలో ముడతలు, వేళ్ళ చివర ఖాళీ ఉండకూడదు, వెల్క్రో చివరిదాకా లాగితేగానీ బిగవట్లేదంటే సైజు పెద్దదే. వేళ్ళు పొట్టిగా అరచెయ్యి వెడల్పుగా ఉంటే క్యాడెట్ సైజు అడగమన్నాడు పెద్దాయన. క్యాబ్రెట్టా (ఒకరకం గొర్రె) తోలు చేతికి హాయిగా ఉంటుంది గానీ కొత్తల్లో మనం క్లబ్‌ని పీక పిసికినట్టు పట్టుకుంటాం కదా, తొందరగా చిరిగిపోద్ది, సింథటిక్ చాలు.

ఇక బూట్లు. ఊటీ గడ్డి పొద్దున్నే తడితడిగా ఉంటుంది, పైగా కోర్సంతా ఎత్తుపల్లాలు. నాలుగో హోల్‌కే (బంతి పడాల్సిన గుంత) సాక్స్ పిండితే నీళ్ళు. నావి స్పైక్‌లెస్, అడుగున చిన్న బుడిపెలే, వాలులో స్వింగ్ చేస్తే జర్రున జారా, పక్కన బావ సాఫ్ట్ స్పైక్స్‌తో పాతేసినట్టు నిలబడ్డాడు (ఇవి అడుగున ఉండే ప్లాస్టిక్ ముళ్ళు, అరిగితే మార్చుకోవచ్చు, ఇనుపవైతే హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి, అదే గ్రీన్, పాడవుద్దని చాలాచోట్ల రానివ్వరు). తొమ్మిదో హోల్‌కి మడమ మీద చర్మం ఊడింది, ఆట ఆపేసి క్యాడీకి టిప్పుతో కలిపి 800 ఇచ్చి కుంటుకుంటూ రూమ్‌కొస్తే మా ఆవిడ మొహం మాడ్చుకుని కూర్చుంది, టాయ్ ట్రైన్ టికెట్లు నేనే బుక్ చెయ్యడం మర్చిపోయా మరి. మిగతా రెండ్రోజులు బొటానికల్ గార్డెన్, దొడ్డబెట్ట, బానే గడిచాయి.

తిరుగుదారిలో కోయంబత్తూరు డెకత్లాన్‌లో ఇనెసిస్ (వాళ్ళ గోల్ఫ్ బ్రాండ్) ఎడమచేతి గ్లవ్ 899కి తీసుకున్నా. వాటర్‌ప్రూఫ్ బూట్లు 5,999, ఈసారి సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బాక, ఆడేటప్పుడు వేసుకునే సాక్స్ తోనే చూసుకుని ఒక సైజు పెద్దవి కొన్నా.

నన్నడిగితే మొదటి రెండు నెలలు డ్రైవింగ్ రేంజ్‌కి (బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసే చోటు) మామూలు స్పోర్ట్స్ షూసే చాలు, గ్లవ్ ఒక్కటి కొనండి. పొడిగా, చదునుగా ఉన్న కోర్సయితే స్పైక్‌లెస్సూ పర్లేదు, కొండ ఊరికి మాత్రం వద్దు. తడిసిన గ్లవ్‌ని ఎండలో పడేస్తే తోలు అట్ట కట్టేస్తుంది, నీడలో పరిచి ఆరబెట్టాలి.

మాల్ షాపువాళ్ళు వాడింది వాపసు తీసుకోం అన్నారు. ఆ 1,450 గ్లవ్ ఇప్పుడు మా ఆవిడ గులాబీ కుండీల దగ్గరుంది, ముళ్ళు అస్సలు గుచ్చుకోవట్లేదట.