స్వచ్ఛంద సంస్థల లెక్కలకు విజయవాడ డ్యాష్‌బోర్డు

విజయవాడలోని ఒక చిన్న స్టార్టప్ స్వచ్ఛంద సంస్థల కోసం రూపొందించిన డ్యాష్‌బోర్డును 2024-25 ఆర్థిక సంవత్సరం మొదటి నుంచి గుంటూరులోని మా సంస్థలో వాడుతున్నాము. మిర్చి కోతలకు తల్లిదండ్రుల వెంట వలస వచ్చే పిల్లల చదువు ఆగిపోకుండా చూడడం మా ప్రధాన కార్యక్రమం. దానికి విదేశీ విరాళాలు, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధులు, మన ఊరి వ్యాపారులు ఇచ్చే చిన్న మొత్తాలు కలిసి వస్తాయి. ఈ మూడింటికీ లెక్క అప్పగించవలసిన తీరు వేరువేరు కాబట్టి, మొత్తం రాబడినీ మొత్తం ఖర్చునూ రంగురంగుల బొమ్మలుగా చూపి ఊరుకునే సాఫ్ట్‌వేర్ మాకు ఎందుకూ కొరగాదు. రూపకర్తలు ఈ సంగతిని బాగా గ్రహించారు. నా దృష్టిలో దీని విలువంతా అక్కడే ఉంది.

వోచరు నమోదు చేసేటప్పుడు ఇది మొత్తం కంటే ముందు ఆ సొమ్ము ఏ నిధిలోనిదో అడుగుతుంది. విదేశీ విరాళమని ఎంచుకోగానే, అప్పటివరకు జరిగిన పరిపాలనా ఖర్చుల శాతం తెర పైభాగాన కనిపిస్తుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ ఈ ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. ఆ హద్దుకు ఎంత దూరంలో ఉన్నామో గతంలో ఏడాది చివర ఆడిటరు లెక్క కట్టేదాకా మాకు తెలిసేది కాదు. నిబంధనల ప్రకారం కార్యాలయ అద్దె పరిపాలనా ఖర్చు అవుతుంది, బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుని జీతం కాదు. ఈ తేడాను పద్దుల్లోనే పొందుపరచడం వల్ల ప్రతిసారీ గుర్తుపెట్టుకోవలసిన అవసరం తప్పింది. ఒకే వ్యక్తి కొంతసేపు కార్యాలయంలోనూ మిగతా సమయం పిల్లల దగ్గరా పనిచేస్తే జీతాన్ని విడదీసి రాయవచ్చు గాని, అలా విడదీయడానికి కారణం రాయనిదే వోచరు ముందుకు కదలదు. మా అకౌంటెంటు గారికి మొదట్లో ఇది విసుగు కలిగించినా, డిసెంబరు 31 లోగా దాఖలు చేయవలసిన విదేశీ విరాళాల వార్షిక నివేదిక ఎఫ్‌సీ-4 కు కాగితాలు సిద్ధం చేసేటప్పుడు ఆడిటరు అడిగిన ప్రశ్నలకు జవాబులు ఆ కారణాల్లోనే దొరికాయి.

స్థానిక విరాళాల విభాగం కూడా చక్కగా ఉంది. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే దాతకు 80జీ కింద ఆదాయపు పన్ను మినహాయింపు వర్తించదన్న హెచ్చరిక రసీదు రాసేటప్పుడే వస్తుంది, మే 31 లోగా ఆదాయపు పన్ను శాఖకు పంపవలసిన విరాళాల పత్రం 10బీడీకి దాతల జాబితా సిద్ధంగా ఉంటుంది.

అసలు లోపం 2024 సెప్టెంబరులో బయటపడింది. బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు నీట మునిగినప్పుడు మాకు అందిన సాయంలో చాలా భాగం బియ్యం, దుప్పట్లు, మందుల రూపంలో వచ్చింది. ఈ డ్యాష్‌బోర్డులో రూపాయలకు తప్ప వస్తువులకు చోటు లేకపోవడంతో వాటి లెక్కంతా నోటు పుస్తకంలోనే సాగింది. తరువాత వస్తువుల రిజిస్టరును చేర్చారు గాని, ప్రతి వస్తువుకూ ధర వేస్తేనే అది నమోదవుతుంది. ఎవరో ఇంట్లోంచి తెచ్చి ఇచ్చిన పాత దుప్పటికి పడవ దిగిన చోట నిలబడి ఏ కార్యకర్తా వెల కట్టలేడు. ఎన్ని వచ్చాయి, ఎన్ని పంచాము, ఎన్ని మిగిలాయి అన్న మూడు గడులుంటే చాలు. వరదలు తరచుగా వచ్చే ఈ కృష్ణా తీరాన పనిచేసే సంస్థలకు ఇది అదనపు సౌకర్యం కింద లెక్కకు రాదు.

మరొక విషయం ఇంతకన్నా ముఖ్యమైనది. దాతలకు ఇచ్చే లాగిన్‌లో పిల్లల పేర్లు, ఊళ్లు, ఫొటోలు నేరుగా కనిపించేలా తెరను తీర్చిదిద్దారు. దాతకు నమ్మకం కలిగించాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే 18 ఏళ్లలోపు వారి వ్యక్తిగత సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెబుతోంది. చట్టాన్ని పక్కన పెట్టినా, కూలి పనికి వచ్చిన కుటుంబం తమ బిడ్డ ముఖం ఎవరెవరి కంప్యూటర్లలో ఉన్నదో తెలియకుండా బతకడం న్యాయం కాదు. మేము రాతపూర్వకంగా అడిగిన మీదట పేర్లను తీసివేసి సంఖ్యలను మాత్రమే ఉంచారు. ఫొటోలు మాత్రం నెలవారీ నివేదికలో ఇప్పటికీ వాటంతట అవే చేరుతున్నాయి. లెక్కల కోసమైతే దీనిని కొనమని తోటి సంస్థలకు నిస్సంకోచంగా చెబుతున్నాను. దాతల లాగిన్‌ను మాత్రం మేము మూసి ఉంచాము, ఫొటోలను ఆపే మీట వచ్చేదాకా తెరవము.