బాణం కంటికి ఆనుతుందా? రిమోట్ డెస్క్‌టాప్ క్లయింట్లపై కర్సర్ కోణంలో సమీక్ష

దూరంగా ఉన్న కంప్యూటర్ తెరని మన తెర మీద చూపించి, దాన్ని ఇక్కడి నుంచే నడపనిచ్చేది రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్. దాని గురించి రాసేవాళ్లు వేగం, భద్రత, లైసెన్సు అన్నీ చూస్తారు. మౌస్ బాణం కంటికి ఆనుతుందా లేదా అన్నది మాత్రం దాదాపు ఎవరూ చూడరు. చూపు తక్కువున్నవాళ్లకి, చిన్న అక్షరాలతో కళ్లు అలిసిపోయినవాళ్లకి మొదటి ప్రశ్న అదే. బాణం దొరక్కపోతే సర్వర్ ఎంత వేగంగా ఉన్నా పని ముందుకు సాగదు. అందుకే ఇక్కడ ఆ ఒక్క విషయమే చూస్తున్నాం. విండోస్ సర్వర్‌తో మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్, లినక్స్ వైపు ఎక్స్ఆర్‌డీపీ, టైగర్‌వీఎన్‌సీ, బ్రౌజర్‌లో నడిచే నోవీఎన్‌సీ, గ్వాకమోలే వరుసగా వస్తాయి.

ముందు ఒక్క సంగతి అర్థమైతే మిగతా సమస్యల్లో సగం వాటంతటవే విడిపోతాయి. బాణం ఆకారాన్ని నిర్ణయించేది సర్వర్, అంటే అవతలి కంప్యూటర్. దాన్ని గీసేది మీ కంప్యూటర్లో నడిచే క్లయింట్. ఆకారం మారినప్పుడల్లా సర్వర్ ఒక చిన్న బొమ్మ పంపుతుంది, క్లయింట్ దాన్ని మీ మౌస్ ఉన్నచోట చూపిస్తుంది. నెట్‌వర్క్ నెమ్మదించినా బాణం చేతితో పాటే కదలడానికి కారణం ఇదే. మీ సొంత కంప్యూటర్లో బాణాన్ని ఎంత పెద్దది చేసుకున్నా, పసుపు రంగు వేసుకున్నా, రిమోట్ విండోలోకి వెళ్లగానే మళ్లీ చిన్న తెల్ల బాణం ప్రత్యక్షమవడానికీ ఇదే కారణం. కాబట్టి మార్పు చేయాల్సింది సర్వర్ సెషన్ లోపల. లోకల్ సెట్టింగ్స్‌లో వెతకడం వృథా.

ఏ క్లయింట్‌నైనా పరీక్షించడానికి మూడు నేపథ్యాలు సరిపోతాయి: తెల్లటి నోట్‌ప్యాడ్, నల్లటి కమాండ్ ప్రాంప్ట్, బ్యాక్‌గ్రౌండ్ రంగు 128, 128, 128గా పెట్టిన ఏదైనా ఎడిటర్. మూడింటి మీదా బాణాన్నీ, అక్షరాల మధ్య వచ్చే నిలువు గీతనీ, అంటే ఐ-బీమ్‌నీ తిప్పి చూడండి. మధ్యస్థ బూడిద రంగును కావాలనే ఎంచుకున్నాం. విండోస్ డిఫాల్ట్ ఐ-బీమ్‌కి సొంత రంగు లేదు, కింద ఉన్న రంగును తిరగేసి చూపిస్తుంది. తెలుపు మీద నలుపవుతుంది, నలుపు మీద తెలుపవుతుంది. కానీ 0 నుంచి 255 వరకు ఉండే రంగు లెక్కలో 128ని తిరగేస్తే వచ్చేది 127. ఈ రెంటికీ తేడా ఏ కంటికీ అందదు, గీత మాయమైపోతుంది.

రిమోట్‌లో ఇది ఇంకాస్త ముదురుతుంది. కింది రంగును తిరగేసే పాయింటర్ విండోస్‌కే ప్రత్యేకం. మాక్, లినక్స్, బ్రౌజర్లు పాయింటర్‌ని మామూలు రంగుల బొమ్మగానే గీస్తాయి. తిరగేయాల్సిన చుక్కల (పిక్సెళ్ల) స్థానంలో క్లయింట్ తనకు తోచిన రంగు వేయాలి. నలుపు వేస్తే నల్లటి టెర్మినల్‌లో గీత కనిపించదు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ మాట్లాడే భాష, అంటే ప్రోటోకాల్, పేరు ఆర్‌డీపీ. దానికి ఉచిత క్లయింట్ అయిన ఫ్రీఆర్‌డీపీ ఇక్కడ తెలివిగా నడుచుకుంది. ఆ చుక్కల్ని వాటి స్థానాన్ని బట్టి కొన్ని నలుపుగా, కొన్ని తెలుపుగా వేస్తుంది. చదరంగం గళ్లలా ఉండే ఆ గీత అందంగా ఉండదు గానీ ఏ నేపథ్యం మీదైనా సగమైనా కనిపిస్తుంది. ఆర్‌డీపీ కోసం ఫ్రీఆర్‌డీపీ లైబ్రరీనే వాడుకునే లినక్స్ క్లయింట్ రెమ్మినాకి ఈ ఒక్క విషయంలో మంచి మార్కులు వేయాలి.

విండోస్ సర్వర్‌లో శాశ్వత పరిష్కారం సులువే. సెషన్ లోపల రన్ బాక్స్‌లో మెయిన్ డాట్ సీపీఎల్ నడిపి, పాయింటర్స్ ట్యాబ్‌లో స్కీమ్ దగ్గర ‘విండోస్ బ్లాక్’ ఎంచుకుని అప్లై కొట్టండి. సర్వర్లలో చాలాసార్లు అక్కడ ‘నన్’ అని ఉంటుంది. మిగతా బాణాలు తెల్లగానే ఉండాలనుకుంటే జాబితాలో ‘టెక్స్ట్ సెలెక్ట్’ ఒక్కటే పట్టుకుని, బ్రౌజ్ నొక్కి, విండోస్ ఫోల్డర్లోని కర్సర్స్ నుంచి బీమ్ అండర్‌స్కోర్ ఆర్ అన్న ఫైల్ ఇవ్వండి. బీమ్ అండర్‌స్కోర్ ఐ అన్నది తిరగేసే రకం, దాని జోలికి వెళ్లొద్దు. పేరు చివర ఎల్ లేదా ఎమ్ చేరిన ఫైళ్లు పెద్ద సైజులు.

సైజు దగ్గర సర్వర్ వెర్షన్ తేడా గట్టిగా తెలుస్తుంది. పాయింటర్‌ని 1 నుంచి 15 వరకు పెంచే స్లైడర్, నచ్చిన రంగు వేసుకునే వీలు విండోస్ 10 1903లో వచ్చాయి. సర్వర్ 2019 అంతకు ముందరి 1809 మీద, సర్వర్ 2016 ఇంకా పాత 1607 మీద కట్టినవి. అందుకే వాటిలో ఆ స్లైడర్ కోసం వెతికినా దొరకదు, పెద్ద సైజు స్కీములతోనే సరిపెట్టుకోవాలి. పెద్ద బాణం, రంగు బాణం తప్పనిసరి అయినవాళ్లున్న చోట సర్వర్ 2022కి మారడానికి ఆ ఒక్క కారణమే చాలు. అప్‌గ్రేడ్ ఖర్చు అడిగేటప్పుడు ఈ మాట మొహమాటం లేకుండా రాయండి.

స్లైడర్ చివరి దాకా లాగితే బాణం 256 చుక్కల సైజుకి చేరుతుంది. సర్వర్ ఒప్పుకున్నంత మాత్రాన అది మీ తెర దాకా వస్తుందన్న హామీ లేదు. ఆర్‌డీపీలో మామూలు పాయింటర్ 32 చుక్కల చదరం. పెద్దవి కావాలంటే కనెక్ట్ అయ్యేటప్పుడే క్లయింట్ తన స్తోమత చెప్పాలి, ఒక మెట్టు 96, ఆపైది 384. విండోస్‌తో వచ్చే క్లయింటుకి ఇబ్బంది లేదు. పాత థిన్ క్లయింట్ పెట్టెలు (సర్వర్‌కి కనెక్ట్ అవడానికే వాడే చిన్న కంప్యూటర్లు), ఫోన్ యాప్‌లు అయితే కొనే ముందే పెద్ద బాణంతో ఒకసారి కనెక్ట్ చేసి చూడాలి. స్పెసిఫికేషన్ కాగితంలో ఈ సంగతి రాసి ఉండదు.

ఎక్కువమంది వాడే టెర్మినల్ సర్వర్‌లో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి స్కీమ్ మార్చలేం. ఈ సెట్టింగ్స్ యూజర్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన అమరికలన్నీ దాచుకునే చోట, కంట్రోల్ పానెల్ కింద కర్సర్స్ కీలో ఉంటాయి. అందరికీ ఒకేసారి సెట్టింగ్స్ పంపే గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌తో ఐబీమ్ విలువకి ఆ నల్ల గీత ఫైల్ దారి, కర్సర్‌బేస్‌సైజ్‌కి కావలసిన సంఖ్య పంపవచ్చు. డిఫాల్ట్ 32, స్లైడర్ ఒక్కో మెట్టుకీ 16 పెరుగుతుంది. విలువ రాయగానే తెర మీద మారదు, యూజర్ లాగాఫ్ అయి మళ్లీ రావాలి. పాలసీ పనిచేయలేదని ఫిర్యాదు వస్తే ముందు అడగాల్సింది ఇదే: విండో మూసి వచ్చారా, నిజంగా లాగాఫ్ అయ్యారా? డిస్కనెక్ట్ అయితే పాత సెషన్ అలాగే బతికి ఉంటుంది. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. పాలసీని ప్రతి లాగిన్‌కీ రుద్దకుండా ‘ఒక్కసారి మాత్రమే వర్తించు’ అన్న ఆప్షన్‌తో పంపండి. లేదంటే తన కంటికి తగ్గట్టు బాణాన్ని పెద్దది చేసుకున్న మనిషి మర్నాడు పొద్దున మళ్లీ చిన్న బాణంతో మొదలుపెట్టాల్సి వస్తుంది.

తెరని పెద్దది చేసి చూపే విండోస్ మాగ్నిఫయర్ వాడేవాళ్లకి మైక్రోసాఫ్ట్ క్లయింట్ డిఫాల్ట్ అడ్డు తగులుతుంది. ఫుల్‌స్క్రీన్‌లో ఉన్నప్పుడు విండోస్ కీ కాంబినేషన్లు సర్వర్‌కే వెళ్లేలా అమరిక ఉంటుంది. విండోస్ కీ, ప్లస్ నొక్కితే సర్వర్ మీద మాగ్నిఫయర్ లేస్తుంది. అప్పుడు మౌస్ కదిలిన ప్రతిసారీ తెర మొత్తం కొత్తగా నెట్‌వర్క్ మీద రావాలి, బొమ్మ తడబడుతుంది. లోకల్ రిసోర్సెస్ ట్యాబ్‌లో కీబోర్డ్ దగ్గర ‘ఆన్ దిస్ కంప్యూటర్’ ఎంచుకుంటే మాగ్నిఫయర్ మీ దగ్గరే నడుస్తుంది, బాణంతో సహా అంతా సాఫీగా పెద్దదవుతుంది. దీనికీ ఒక పరిమితి ఉంది. లోకల్ మాగ్నిఫయర్‌కి రిమోట్ విండో ఒక బొమ్మ మాత్రమే. మౌస్ వెంట వెళ్లగలదు గానీ, మీరు టైప్ చేస్తున్న చోటు ఎక్కడో దానికి తెలియదు. టైపింగ్ ఎక్కువ ఉన్నవాళ్లు ఈ లోటు తెలిసే ఎంచుకోవాలి.

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని మౌస్ పాయింటర్ క్రాస్‌హెయిర్స్ ఈ మొత్తంలో మాకు బాగా నచ్చిన ఊతం. బాణం మీదుగా తెర ఈ చివరి నుంచి ఆ చివరికి అడ్డంగా, నిలువుగా గీతలు గీస్తుంది. రంగు, మందం మీ ఇష్టం. గీసేది లోకల్ కంప్యూటరే కాబట్టి సర్వర్ పాతదైనా, దాని మీద ఏదీ ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేకపోయినా పర్లేదు. షార్ట్‌కట్ విండోస్ కీ, ఆల్ట్, పీ. కీలు సర్వర్‌కి వెళ్లే అమరిక ఉంటే ఫుల్‌స్క్రీన్‌లోకి వెళ్లకముందే ఆన్ చేసుకోండి.

బాణం చిన్నగా ఉండటం వేరు, అసలే లేకపోవడం వేరు. మౌస్ తగిలించని సర్వర్‌ని వీఎన్‌సీ లాంటి, అసలు తెరనే పంపే సాఫ్ట్‌వేర్‌తో చూస్తే విండోస్ సర్వర్ 2012 నుంచి బాణం పూర్తిగా కనిపించకపోవచ్చు. మౌస్ లేదు కదా అని విండోసే దాచేస్తుంది. అప్పటికప్పుడు పని జరగాలంటే కీబోర్డుతో ఈజ్ ఆఫ్ యాక్సెస్‌లోకి వెళ్లి మౌస్ కీస్ ఆన్ చేస్తే బాణం తిరిగి వస్తుంది. శాశ్వతంగా కావాలంటే లోకల్ మెషీన్ రిజిస్ట్రీలో సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, పాలసీస్, సిస్టమ్ వరకు వెళ్లి ఎనేబుల్‌కర్సర్‌సప్రెషన్ విలువని 0 చేసి రీబూట్ చేయాలి. ఆర్‌డీపీ సెషన్‌కి సొంత వర్చువల్ మౌస్ ఉంటుంది కాబట్టి ఈ బాధ అక్కడ ఉండదు. వీఎన్‌సీలో మాయమై ఆర్‌డీపీలో కనిపిస్తే అనుమానం నేరుగా దీని మీదికే పోవాలి.

లినక్స్ కంప్యూటర్‌కి ఆర్‌డీపీతో కనెక్ట్ అవనిచ్చే ఎక్స్ఆర్‌డీపీ పనితనం బాగుంది, కానీ డిఫాల్ట్ మీద వదిలేస్తే ఇబ్బందే. బాణం చుట్టూ నల్ల చతురస్రం అంటుకుని వస్తుందా? బొమ్మలోని పారదర్శకతని క్లయింట్ సరిగ్గా అందుకోవడం లేదని అర్థం. ఎక్స్ఆర్‌డీపీ ఐఎన్ఐ ఫైల్లో న్యూ అండర్‌స్కోర్ కర్సర్స్‌ని ఫాల్స్ చేసి సర్వీస్ రీస్టార్ట్ చేయండి. అంచులు కాస్త గరుకుగా వస్తాయి, అయినా బాణం మొన ఎక్కడుందో తెలుస్తుంది. సైజు మార్చడం ఆ లినక్స్‌లో నడిచే డెస్క్‌టాప్ చేతిలో ఉంది. ఎక్స్ఎఫ్‌సీఈ అయితే మౌస్ సెట్టింగ్స్‌లో థీమ్ ట్యాబ్, గ్నోమ్ అయితే యాక్సెసిబిలిటీలో 24 నుంచి 96 వరకు ఐదు సైజులు. ఎక్స్‌కర్సర్ థీమ్స్ ప్యాకేజీలో రెడ్‌గ్లాస్ అని ఎర్ర బాణాల థీమ్ ఉంది, నలుపు తెలుపు రెంటి మీదా పట్టేస్తుంది. ఎక్స్ఆర్‌డీపీ పాత విడుదలలు 32 చుక్కలు దాటిన బాణాన్ని పంపలేవు. సైజు పెంచినా ఫలితం లేకపోతే ముందు వెర్షన్ చూసుకోండి.

టైగర్‌వీఎన్‌సీలో, విండోల్ని అమర్చే విండో మేనేజర్ లేని ఉత్త సెషన్ తెరిస్తే నల్లటి ఎక్స్ గుర్తు కనిపిస్తుంది. ఎక్స్ స్టార్టప్ స్క్రిప్టులో ఎక్స్‌సెట్‌రూట్ కమాండుకి కర్సర్ పేరుగా లెఫ్ట్ పీటీఆర్ ఇస్తే బాణం వస్తుంది. ఇది చిన్న పని. అసలు కథ సర్వర్ ఖాళీ బొమ్మ పంపినప్పుడు మొదలవుతుంది. ఏదో అప్లికేషన్ బాణాన్ని దాచితే వ్యూయర్ కూడా నమ్మకంగా ఏమీ చూపించదు. ఇందుకోసం కర్సర్ లేనప్పుడు చుక్క చూపే ఆప్షన్ ఎప్పటినుంచో ఉంది, కానీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. పైగా ఆ చుక్క సైజు 5 బై 5. పెద్ద మానిటర్ మీద ఆ చుక్కని వెతకడం మంచి చూపున్నవాళ్లకే కష్టం. కొత్త వెర్షన్లలో దాని బదులు ఆల్వేస్‌కర్సర్, కర్సర్‌టైప్ అన్న రెండు పారామీటర్లు వచ్చాయి. టైప్‌ని సిస్టమ్‌గా పెడితే చుక్కకి బదులు మీ కంప్యూటర్ సొంత బాణం, మీరు పెట్టుకున్న పెద్ద సైజుతోనే వస్తుంది. లోకల్ సెట్టింగ్ పనికొచ్చే అరుదైన చోటు ఇది. టైగర్‌వీఎన్‌సీ వాడే ప్రతి ఆఫీసూ దీన్ని ఆన్ చేసి పెట్టాలి.

నోవీఎన్‌సీ కూడా చుక్క ఆప్షన్ ఇస్తుంది, అయితే అది 3 బై 3 మాత్రమే. దీన్ని యాక్సెసిబిలిటీ ఫీచర్ అనడానికి మనసొప్పదు. బ్రౌజర్ పెట్టే పరిమితులు కూడా తోడవుతాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లు 128 చుక్కలు దాటిన కర్సర్ బొమ్మని తీసుకోవు. క్రోమ్‌లో అయితే 32 దాటిన బొమ్మ పేజీ అంచుని మించి బ్రౌజర్ బార్ల మీదికి పొడుచుకొచ్చే చోట మామూలు బాణంగా మారిపోతుంది. తెర పైఅంచున మెనూల దగ్గర బాణం ఉన్నట్టుండి చిన్నదైతే తప్పు సర్వర్‌ది కాదు.

గ్వాకమోలేలో వీఎన్‌సీ కనెక్షన్‌కి కర్సర్ అన్న పారామీటర్ ఉంది. దానికి రిమోట్ అని ఇస్తే బాణాన్ని సర్వర్ వైపే గీసి తెర బొమ్మలో కలిపి పంపుతుంది, మీ మౌస్ నిజంగా ఉన్నచోట చిన్న చుక్క చూపుతుంది. బాణం బొమ్మని విడిగా పంపలేని సర్వర్లకి ఇది తప్పదు. కానీ ఆ బాణం చేతి వెనక ఆలస్యంగా వస్తుంది. చూపు తక్కువున్నవాళ్లు వెనకబడిన పెద్ద బాణాన్ని నమ్మి నొక్కితే క్లిక్ ఇంకెక్కడో పడుతుంది. సర్వర్ బాణం ఆకారాన్ని పంపగలిగితే ఈ ఆప్షన్ వాడొద్దు.

ఇక టైప్ చేసే చోట మిణుకుమనే గీత. ఇది పాయింటర్ కాదు, తెర బొమ్మలో భాగంగానే వస్తుంది. దీని డిఫాల్ట్ మందం ఒకే ఒక్క చుక్క. యూజర్ రిజిస్ట్రీలో కంట్రోల్ పానెల్, డెస్క్‌టాప్ కింద కారెట్‌విడ్త్‌ని 5 లేదా 6 చేస్తే విండోస్ సొంత గీతని వాడే అప్లికేషన్లన్నిటిలో తేడా కనిపిస్తుంది. సొంతంగా గీత గీసుకునే ఎడిటర్లు దీన్ని లెక్కచేయవు, వాటి సెట్టింగ్స్‌లోనే మార్చాలి. గీత చుట్టూ రంగు గుర్తులు పెట్టే టెక్స్ట్ కర్సర్ ఇండికేటర్ విండోస్ 10 2004లో వచ్చింది కాబట్టి సర్వర్ 2019లో దొరకదు. ఆర్‌డీపీలో బ్యాండ్‌విడ్త్ ఆదా కోసం బాణం నీడనీ, గీత మిణుకునీ ఆపమని క్లయింట్ అడిగే వీలు కూడా ఉంది. మిణుకు వల్లే గీతని పట్టుకోగలిగేవాళ్లకి అది ఆగిపోతే పెద్ద నష్టం. సెషన్‌లో గీత నిశ్చలంగా ఉంటే ఆర్‌డీపీ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, డిజేబుల్ కర్సర్ సెట్టింగ్ అన్న లైన్‌లో చివరి అంకె 0గా ఉందో లేదో చూడండి. 1 ఉంటే 0 చేసి, సేవ్ చేసి, మళ్లీ కనెక్ట్ అవ్వండి.