సింగిల్సా, డబుల్సా? ఇద్దరు స్కాట్లాండ్ ఆటగాళ్లు

టెన్నిస్‌లో స్కాట్లాండ్ అనగానే అందరూ ఆండీ ముర్రే అంటారు కానీ నాకు మాత్రం జేమీ బేకర్, కోలిన్ ఫ్లెమింగ్‌ల కథే ఎక్కువ గుర్తొస్తుంది. బేకర్ సింగిల్స్‌నే పట్టుకున్నాడు, 2008లో రక్తానికి సంబంధించిన జబ్బొచ్చి ఐసీయూ దాకా వెళ్లి కూడా మళ్లీ రాకెట్ పట్టి 2012లో 185వ ర్యాంక్ దాకా వచ్చాడు, ఎంత మొండితనం కావాలండీ దానికి! కానీ ఆ ర్యాంకులో ఉంటే చిన్న టోర్నీలు, క్వాలిఫయింగ్ మ్యాచులే ఎక్కువ, ప్రయాణాలు, కోచ్, హోటల్ ఖర్చులన్నీ మన జేబులోంచే. 2013లో ఆట మానేసి బ్యాంకు ఉద్యోగంలో చేరాడు.

ఫ్లెమింగ్ సింగిల్స్‌లో టాప్ 300లోకి కూడా రాలేదు, డబుల్స్‌లో మాత్రం 2013లో 17వ ర్యాంక్. 2010లో మన ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో జోసెలిన్ రేతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గోల్డ్ కొట్టాడు. డబుల్స్‌లో ప్రైజ్ మనీ తక్కువే, అదీ ఇద్దరూ పంచుకోవాలి, అయినా పెద్ద టోర్నీల్లో ఆడొచ్చు.

బతుకుదెరువు చూస్తే నా ఓటు డబుల్స్‌కే, మనసు మాత్రం బేకర్ వైపే. ఆ బేకరే తర్వాత వింబుల్డన్ టోర్నమెంట్ డైరెక్టర్ అయ్యాడు, భలే సంతోషమేసింది.