ల్యాబ్రడారా, గోల్డెన్ రిట్రీవరా: మన ఇళ్లకు ఏది మేలు?

పెద్ద కుక్కను పెంచుకుందామని ఇంట్లో అనుకున్నాక, వద్దనుకున్నవన్నీ తీసేస్తే చివరికి రెండు పేర్లే మిగులుతాయి. జర్మన్ షెపర్డ్ అంటే నానమ్మకు భయం. హస్కీ అంటే మన ఎండలు గుర్తొస్తాయి (రావాలి కూడా). ఇక ల్యాబా, గోల్డెనా అన్న దగ్గర వాదన ఆగిపోతుంది. రీల్స్ చూసిన పిల్లలు గోల్డెన్ అంటారు, ఖర్చు లెక్కేసే పెద్దలు ల్యాబ్ అంటారు. నా ఓటు ముందే చెప్పేస్తాను. ఆంధ్ర, తెలంగాణల్లో ఉండే ఇళ్లలో చాలావాటికి ల్యాబే మేలు. మా ఇంట్లో ల్యాబ్ ఉంది, మా పిన్ని వాళ్లింట్లో గోల్డెన్ ఉంది. రెండిటినీ దగ్గరగా చూశాకే ఈ మాట అంటున్నాను.

స్వభావం చూసి ఎంచుకుందామంటే తేల్చడం కష్టం, ఎందుకంటే రెండూ ఒకే పనికి తయారైన జాతులు. తుపాకీ దెబ్బకు నీళ్లలోనో పొదల్లోనో పడ్డ పక్షిని పంటి గాటు పడకుండా నోట కరుచుకుని యజమానికి తెచ్చివ్వడం వాటి పని. ల్యాబ్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల పడవల మీద బతికినవి. వలలు లాగడం, జారిపోయిన చేపల్ని పట్టుకురావడం వాటికి అలవాటు. బ్రిటన్ దొరలు వాటిని తీసుకెళ్లి వేటకు మలుచుకున్నారు. 1903లో అక్కడ కుక్కల జాతుల్ని నమోదు చేసే సంస్థ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది. గోల్డెన్ స్కాట్లాండ్‌లో పుట్టింది. లార్డ్ ట్వీడ్‌మౌత్ అనే ఆయన ఎస్టేట్‌లో 1868లో నౌస్ అనే పసుపు రిట్రీవర్‌కీ, బెల్ అనే ట్వీడ్ వాటర్ స్పానియల్ జాతి ఆడకుక్కకీ పుట్టిన పిల్లలతో ఆ వంశం మొదలైంది. అంటే రెండూ చలిదేశపు కుక్కలే. పైన నీళ్లు అంటని వెంట్రుక, దాని కింద దుప్పటిలాంటి మెత్తటి బొచ్చు. మనకు వచ్చే తిప్పలన్నీ ఆ రెండో పొర దగ్గరే మొదలవుతాయి.

సైజులోనూ పెద్ద తేడా లేదు. మగ ల్యాబ్ 29 నుంచి 36 కిలోలు, మగ గోల్డెన్ 29 నుంచి 34 కిలోలు ఉంటాయి. ఆడవి రెండిట్లోనూ కొంచెం తక్కువ. గోల్డెన్ పెద్దగా కనిపించేది బొచ్చు వల్లే. స్నానం చేయించి చూడండి, సగమైపోతుంది!

ఇంట్లో మసిలే తీరులో తేడా ఉంది కానీ, అదీ కొద్దిగానే. బెల్ మోగితే ల్యాబ్ నాలుగు కాళ్లూ జారుతూ గుమ్మం దాకా ఉరికి వచ్చినవాళ్ల మీదకు ఎగబడుతుంది. గోల్డెన్ ఎవరిదో చెప్పు నోట పట్టుకుని తోక ఊపుకుంటూ వాళ్ల చుట్టూ తిరుగుతుంది. రెండు మూడేళ్లు వచ్చేదాకా ల్యాబ్‌ది ఒకటే అల్లరి. కసిరితే అర నిమిషంలో మర్చిపోతుంది. గోల్డెన్ మనసు సున్నితం, ఇంట్లో గొడవపడి గట్టిగా అరుచుకుంటే మంచం కిందికి దూరేది అదే. కాపలాకు మాత్రం రెండూ పనికిరావు. మొరుగుతాయి, ఆ తర్వాత దొంగకు బీరువా ఎక్కడుందో చూపిస్తాయి.

ల్యాబ్‌తో ఉన్న అసలు చిక్కు తిండి. కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి మావాడు వంటింటి గడప మీద కూర్చుని ఉంటాడు, కింద చొంగ మడుగు. పెరుగన్నం కలిపే గిన్నె చప్పుడు మేడ మీద పడుకుని ఉన్నా వినిపిస్తుంది. దీన్ని అతిగారాబం కిందే జమకట్టలేం. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో తేల్చినదేమిటంటే, దాదాపు నాలుగో వంతు ల్యాబ్‌లలో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుంది. ఇక చాలు అని మెదడుకు కబురందించే వ్యవస్థ వాటిలో సరిగా పనిచేయదు. తిన్న పది నిమిషాలకే మళ్లీ ఆకలి చూపులు. ట్రైనింగ్‌కు ఇదే వరం, ఒక్క బిస్కెట్ ముక్క కోసం ఏం చెప్పినా చేస్తుంది. మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకు శిక్షణ ఇచ్చే చోట ల్యాబ్‌లు కనిపించడానికి వాసన పట్టే ముక్కుతో పాటు ఈ ఆశ కూడా ఒక కారణం. కానీ మన ఉమ్మడి కుటుంబాల్లో ఇది శాపం. తాతయ్య ఇడ్లీ ముక్క వేస్తాడు, అత్తయ్య చపాతీ వేస్తుంది, పనమ్మాయి రస్కు పెడుతుంది. ఎవరికి వాళ్లు పెట్టింది ఒక్కటే అనుకుంటారు. ఏడాది తిరిగేసరికి 45 కిలోల కుక్క తయారవుతుంది, తర్వాత మెట్లు ఎక్కలేదు. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే లెక్కపెట్టేలా చేతికి తగలాలి, అదీ కొలత. కూరలో ఉల్లిపాయ, ఎండుద్రాక్ష, ఉడికిన చికెన్ ఎముకలు ఏ జాతికీ పెట్టకూడదు.

తిండిని అదుపులో పెట్టడం ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్న పని. గోల్డెన్ బొచ్చు సంగతి అలా కాదు.

ముందొక అపోహ. ల్యాబ్‌కు పొట్టి వెంట్రుకలు కదా, రాలవు అనుకుంటారు. ఏడాది పొడవునా రాలతాయి. పైగా సూదుల్లా సోఫాలో గుచ్చుకుని ఊడ్చినా రావు. గోల్డెన్‌వి పొడుగ్గా ఉండటంతో ఉండలు చుట్టుకుని మంచం కింద దొర్లుతుంటాయి, తీయడం సులువే. శుభ్రతలో రెండూ రెండే అనుకోండి. తేడా ఒంటి మీద ఉంది. ల్యాబ్‌కు వారానికి రెండుసార్లు బ్రష్ చేస్తే సరిపోతుంది. గోల్డెన్‌కు కనీసం రోజు విడిచి రోజు, అదీ పైపైన కాకుండా కుదుళ్ల దాకా దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక కుచ్చుల్లో నాలుగు రోజులు దువ్వెన పడకపోతే వెంట్రుకలు జడలు కట్టేస్తాయి. వాటిని కత్తిరించాల్సిందే.

వానాకాలంలో విజయవాడలాంటి చోట గోల్డెన్‌ను ఆరబెట్టడమే ఒక పని. వాకింగ్ నుంచి రాగానే పొట్ట కింద కుచ్చులు బురదతో కారుతుంటాయి. తువ్వాలుతో తుడిస్తే పైతడే పోతుంది. చేత్తో పాయ తీసి చూస్తే లోపల చర్మం ఇంకా చెమ్మగానే ఉంటుంది. హెయిర్ డ్రయర్ చల్లగాలిలో పెట్టి పాయ పాయా ఆరబెట్టాలి. అలా వదిలేస్తే రాత్రికి రాత్రి ఎర్రగా, రసి కారుతూ పుండు పడుతుంది. డాక్టర్లు హాట్ స్పాట్ అంటారు. ల్యాబ్ ఒళ్లు విదిలించుకుని, ఒక తువ్వాలు ఖరాబు చేసి ఊరుకుంటుంది.

అంతకన్నా టెన్షన్ పెట్టేవి పిడుదులు. మనదగ్గర కుక్కల ప్రాణం మీదికి తెచ్చే జ్వరాలు వీటి వల్లే వస్తాయి. ఎర్లికియా, బబీసియా అని రక్తపరీక్ష రిపోర్టుల్లో కనిపించే పేర్లు అవే. తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ముదిరితే ముక్కులోంచి రక్తం. పిడుదుల మందు రెండు జాతులకూ తప్పనిసరి. మందు వేసినా రోజూ చూడాలి కదా, అక్కడే తేడా తెలుస్తుంది. ల్యాబ్‌కైతే టీవీ చూస్తూనే వేళ్ల సందులు, చెవుల లోపల, పట్టీ కింద తడిమితే గింజలా చేతికి తగులుతాయి. గోల్డెన్‌కైతే లైటు కింద పడుకోబెట్టి దువ్వెనతో పాయలు తీసి వెతకాలి. అయినా ఒకటో రెండో తప్పించుకుంటాయి.

ఎండాకాలం రెండిటికీ నరకమే. కుక్క చల్లబడేది ముఖ్యంగా నాలుక చాపి వగర్చడంతోనే. గాల్లో తేమ ఎక్కువైతే అదీ పనిచేయదు. అందుకే రామగుండం పొడి ఎండలో కూలర్ ముందు పడుకోబెడితే ఊరట దొరుకుతుంది, కోస్తా ఉక్కపోతలో కూలర్ పెట్టి లాభం లేదు, మధ్యాహ్నం ఏసీ గది ఇవ్వాలి. తిప్పడం తెల్లవారుజామునే. సాయంత్రం తారురోడ్డు మీద అరచేయి పెట్టి చూసుకున్నాకే బయటికి. బొచ్చు బరువుకు గోల్డెన్ కాస్త ముందే డీలా పడుతుంది. జాలిపడి గుండు కొట్టిస్తే మాత్రం మేలుకన్నా కీడే ఎక్కువ. నేరుగా ఎండ చర్మానికి తగులుతుంది, తిరిగి మొలిచేది కూడా సమంగా మొలవదు.

జబ్బుల్లో తుంటి, మోచేతి కీళ్ల సమస్యలు రెండిటికీ వంశపారంపర్యమే. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే ఉందా అని అడగండి. గోల్డెన్‌కు అదనంగా క్యాన్సర్ భయం ఉంది. అమెరికాలో సగానికి పైగా గోల్డెన్‌లు దానితోనే పోతాయని అక్కడి బ్రీడ్ క్లబ్ సర్వేలో తేలింది. కారణాలు వెతకడానికి మోరిస్ యానిమల్ ఫౌండేషన్ 2012లో 3,000కు పైగా గోల్డెన్‌లను జీవితాంతం గమనించే పని మొదలుపెట్టింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే వయసులోనూ తేడా ఉంది. ఆరు నెలల లోపే చేయిస్తే కీళ్ల జబ్బుల ముప్పు ల్యాబ్‌లలో రెట్టింపు, గోల్డెన్‌లలో నాలుగైదు రెట్లు అయిందని 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు చెప్పారు. డాక్టర్‌తో ఈ సంగతి మాట్లాడకుండా తొందరపడొద్దు.

మరి గోల్డెన్ ఎవరు తెచ్చుకోవాలి? పగలు ఇంట్లో మనిషి ఉండి, రోజు విడిచి రోజు అరగంట దువ్వెన పట్టుకునే ఓపిక ఉన్నవాళ్లు. ఆ ఓపిక ఎవరిదో ముందే పేరు పెట్టి తేల్చుకోవాలి, అందరం చూసుకుంటాం అంటే ఎవరూ చూడరు. బెంగళూరులో స్థిరపడ్డ మనవాళ్లు అడిగితే నా జవాబు మారుతుంది. ఆ వాతావరణంలో గోల్డెన్ హాయిగా ఉంటుంది, దాని నెమ్మదితనానికి ఫ్లాట్ జీవితం కూడా నప్పుతుంది. భార్యాభర్తలిద్దరూ ఎనిమిదింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదింటికి చేరే ఇల్లయితే మాత్రం రెండూ వద్దు. మనుషుల వెంట తిరగడానికి పుట్టిన కుక్కల్ని బాల్కనీలో కట్టేస్తే మొరిగి మొరిగి అపార్ట్‌మెంట్ అంతటికీ శత్రువులవుతాయి.

కొనేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం 8 వారాల లోపు పిల్లను అమ్మకూడదు. నలభై రోజుల పిల్లను బుట్టలో పెట్టి తెచ్చిస్తామనేవాడి దగ్గర, తల్లిని చూపించనివాడి దగ్గర తీసుకోవద్దు. పెంచలేక వదిలేసిన పెద్ద ల్యాబ్‌లు దత్తతకు తరచూ దొరుకుతుంటాయి. రెండేళ్లు దాటినదైతే ఆ అల్లరి దశ కూడా గడిచిపోయి ఉంటుంది.

ఇక ల్యాబ్‌లో ఏ రంగు అంటారా? చాక్లెట్ రంగుకు ఎక్కువ ధర చెబుతుంటారు, నేనైతే తీసుకోను. బ్రిటన్ ల్యాబ్‌ల మీద 2018లో వచ్చిన అధ్యయనంలో చాక్లెట్ రంగువి సగటున 10.7 ఏళ్లు, మిగతా రంగులవి 12.1 ఏళ్లు బతికాయి. చెవి, చర్మం జబ్బులు కూడా చాక్లెట్ రంగువాటికే ఎక్కువ. నల్లదానికి ఎండలో కాస్త ఎక్కువ నీడ చూడాలి. పసుపుదైతే మీ నల్ల ప్యాంట్లన్నీ ఎవరికైనా ఇచ్చేయండి.