పాత మస్టాంగ్ ఒళ్లు బిగించడానికి ఏది మేలు?

నా 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపేను (పైకప్పు కదలని రెండు తలుపుల కారును) కొన్న కొత్తలో ముందు చక్రం మార్చడానికి ఒక పక్క జాకీ పెట్టి లేపాను. అదే పక్క తలుపు తెరిచి మళ్లీ మూయబోతే దాని వెనక అంచు గొళ్లెం దగ్గర తగులుకుని ఆగిపోయింది. జాకీ దించగానే ఏమీ ఎరగనట్టు మూసుకుంది. కొయ్యకీళ్లు వదిలిన పాత మంచం ఒక కోడు ఎత్తితే మంచమంతా మెలి తిరుగుతుంది. ఈ బండి సంగతీ అంతే. దీన్ని సరిచేయడానికి బజారులో ప్రధానంగా మూడు రకాల బ్రేస్‌లు, అంటే బండి ఒళ్లు వంగకుండా బిగించే ఉక్కు ఊతాలు, దొరుకుతున్నాయి. మూడింటినీ ఒకే గాటన కట్టి అమ్ముతున్నారు గానీ, మూడూ ఒకే జబ్బుకు మందులు కావు.

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ విడుదల చేసిన మస్టాంగ్‌కు అడుగు భాగం చాలావరకు ఫాల్కన్ అనే చవక కారు నుంచి వచ్చింది. లారీకి ఉన్నట్టు ముందు నుంచి వెనక దాకా సాగే చాసిస్ దీనికి లేదు. బరువు మోసే ఉక్కు పట్టీల్లో ముందువి రెండూ ముందు సీట్ల కింద ఎక్కడో ముగుస్తాయి, వెనక పట్టీలు రెండూ లీఫ్ స్ప్రింగుల ముందు కొస దగ్గర మొదలవుతాయి, ఈ మధ్య దూరాన్ని మోసేది ఫ్లోరు రేకూ, తలుపుల కింది రాకర్ ప్యానెళ్లూ మాత్రమే. పైకప్పు లేని కన్వర్టిబుల్‌కు ఫ్యాక్టరీలోనే అడుగున అదనపు రేకులు వేసి పంపారంటే, మధ్య భాగం బలహీనమని తయారు చేసినవారికే తెలుసునన్నమాట.

ముందు భాగం కష్టం వేరు. ఈ బండిలో కాయిల్ స్ప్రింగ్ పై కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే చేతుల్లో పైది) మీద కూర్చుని, పై కొసతో షాక్ టవర్‌ను నెడుతుంది. కాబట్టి గుంతలో చక్రం పడిన ప్రతిసారీ ఆ దెబ్బ ఇంజనుకు రెండు పక్కలా గోడల్లా నిలిచిన ఆ టవర్లకే తగులుతుంది. అరవై ఏళ్లు తిన్న దెబ్బలకు అవి ఇంజను వైపు వాలిపోవడం, వాటితోపాటు చక్రాల క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణం) చెడడం ఈ బండ్లలో మామూలే.

టవర్ల కోసం పుట్టినదే ఎక్స్‌పోర్ట్ బ్రేస్. అమెరికాలో అమ్మిన బండ్లకు ప్రతి టవర్‌నూ ఫైర్‌వాల్‌కు (ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య ఉన్న రేకు గోడకు) కలుపుతూ ఒక్కొక్క పల్చటి కమ్మి ఉండేది. చెడ్డ రోడ్లున్న విదేశాలకు పంపే బండ్లకు మాత్రం ఈ రెండింటి బదులు ఒకే ముక్కగా అచ్చు గుద్దిన మందపాటి ఉక్కు బ్రేస్ బిగించేవారు. పాత కమ్ముల బెజ్జాలకే ఇది సరిపోతుంది, ఒక మధ్యాహ్నం పని. రెండు టవర్లూ ఫైర్‌వాల్‌తో కలిసి త్రికోణం కావడంవల్ల గుంతల్లో స్టీరింగ్ అదురు తగ్గడం మొదటి ప్రయాణంలోనే తెలుస్తుంది.

మాంటే కార్లో బార్‌కు ఇంతకన్నా పెద్ద పేరుంది. ఫాల్కన్ స్ప్రింట్ కార్లు మాంటే కార్లో ర్యాలీలో పరుగెత్తిన రోజుల నుంచి ఆ పేరు నిలిచింది; 1964లో వాటిలో ఒకటి మినీ కూపర్ వెనక రెండో స్థానంలో వచ్చింది కూడా. ఇంజను మీదుగా ఈ పక్క నుంచి ఆ పక్కకు అడ్డంగా పోయే ఈ కడ్డీ టవర్లు లోపలికి వాలకుండా ఆపుతుంది. మస్టాంగ్‌నే రేసులకు తగ్గట్టు మలిచిన 1965 షెల్బీ జీటీ350లో ఈ బారూ, ఎక్స్‌పోర్ట్ బ్రేసూ రెండూ ఉండేవి, అందుకే రెండూ జంటగా ఉండి తీరాలని చాలామంది నమ్మకం. ట్రాక్ మీద మలుపుల్లో గట్టిగా తోలేవారికి అది నిజమే. రోడ్డు మీద తిరిగే బండికి ఎక్స్‌పోర్ట్ బ్రేస్ వేశాక బార్ అదనంగా ఇచ్చేది స్వల్పమని నా అనుభవం, హుడ్ ఎత్తినప్పుడు చూడముచ్చటగా ఉంటుందన్న మాట వేరు. అయితే దానివల్ల ఒక మేలుంది: అది కొలబద్దగా పనికొస్తుంది. నా బండిలో ఒక కొస బోల్టు ఎక్కించాక రెండో కొస బెజ్జం దాదాపు వేలి మందం తప్పింది, అంటే టవర్లు అంత దగ్గరికి వచ్చేశాయి. చెక్క దిమ్మెలు అడ్డుపెట్టి చిన్న జాకీతో టవర్లను కొద్దికొద్దిగా విడదీసి బిగించి, ఆ తరువాత వీల్ అలైన్‌మెంట్ చేయించవలసి వచ్చింది. మరలు తిప్పి పొడవు మార్చుకునే బార్ కొంటే ఈ తిప్పలు ఉండవు గానీ, వంకరను వంకరగానే బిగించే ప్రమాదం ఉంటుంది.

పైన చెప్పిన తలుపు జబ్బును ఈ రెండూ నయం చేయవు. అది మధ్య భాగానిది, దానికి మందు సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు: ముందు పట్టీ వెనక కొసను వెనక పట్టీ ముందు కొసకు కలిపే ఉక్కు గొట్టాలు. వీటిలో బోల్టులతో బిగించేవీ, వెల్డింగ్ చేసేవీ ఉన్నాయి. బోల్టు రకం ఇంటి దగ్గరే అమర్చుకోవచ్చు, వద్దనుకుంటే విప్పేయవచ్చు. కానీ పల్చటి రేకులో బెజ్జం వేసి బిగించిన బోల్టు చుట్టూ మెలి బలమంతా ఒకే చోట పడుతుంది, కొన్నాళ్లకు బెజ్జం సాగుతుంది, అప్పుడు ఆ గొట్టం బరువుకే తప్ప దేనికీ పనికిరాదు. వెల్డింగ్ రకానికే నా ఓటు.

అయితే వెల్డింగ్‌లో తప్పు చేస్తే దిద్దుకోవడం కష్టం. ఒక వర్క్‌షాపులో నా బండిని రెండు స్తంభాల లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగానే వెల్డింగ్ చేశారు. అలా ఎత్తినప్పుడు ఇంజను బరువుకు ముక్కు కిందికి వంగుతుంది, ఆ వంపులోనే గొట్టాలు అతుక్కుపోయాయి. బండి నేలకు దిగాక కుడి తలుపు పై సందు చిటికెన వేలంత, కింది సందు గోరంత. ఒక పక్క అతుకులు గ్రైండర్‌తో కోయించి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. చక్రాల మీద బరువు ఉన్నప్పుడే, అంటే బండిని నడిపించి ఎక్కించే లిఫ్ట్ మీదో, యాక్సిల్ కిందా ముందు కంట్రోల్ ఆర్మ్‌ల కిందా స్టాండ్లు పెట్టో, తలుపు సందులు కొలిచి రాసుకున్నాకే వెల్డింగ్‌లో మొదటి టాకా (చిన్న అతుకు) వేయాలి. బ్యాటరీ తీసేయాలి, పెట్రోలు, బ్రేకు గొట్టాలను పక్కకు తప్పించాలి, లోపలి కార్పెట్టూ దాని కింది జనపనార పట్టా ఎత్తేయాలి, ఎందుకంటే అవి మంట కనబడకుండానే రాజుకుంటాయి. అతుకు ఒకే బిగిన లాగకుండా పక్కలు మారుస్తూ ముక్కలు ముక్కలుగా వేస్తే రేకు వేడికి వంకరపోదు. ఇవన్నీ ఫ్లోరు, పట్టీలు తుప్పు పట్టకుండా ఉంటేనే. సుత్తితో కొడితే పొరలు రాలే చోట ముందు రేకు మార్చాలి.

కాబట్టి రోజూ తోలే కూపేకు ముందు ఎక్స్‌పోర్ట్ బ్రేస్, ఆపైన వెల్డింగ్ కనెక్టర్లు, ఇంకా డబ్బు మిగిలితే బార్. 271 హార్స్‌పవర్ కె-కోడ్ ఇంజనుతో (అప్పటి మస్టాంగ్‌లలో అరుదైన ఎక్కువ శక్తి రకంతో) ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న బండి అయితే నా సలహా మారుతుంది: అలాంటి దాని అడుగున వెల్డింగ్ మచ్చ పడితే కొనేవాడు ధర తగ్గిస్తాడు. దానికి ఎక్స్‌పోర్ట్ బ్రేస్ ఒక్కటి చాలు; విప్పిన పాత కమ్ములు రెంటికీ నూనె పూసి, గుడ్డ చుట్టి డిక్కీలో ఉంచుకుంటే ఎప్పుడు కావాలన్నా తిరిగి బిగించుకోవచ్చు.