పాత స్పాంజి కోసమైనా వెళ్లవలసిన అక్వేరియం దుకాణం

కర్నూలు పాతబస్తీలోని ఈ చిన్న అక్వేరియం దుకాణాన్ని చేపలకన్నా ముందుగా, అది అమ్మే బాక్టీరియా కోసం మెచ్చుకోవాలి. రంగు చేపలు ఊళ్లో ఇతర చోట్లా దొరుకుతాయి. అయితే చాలాకాలంగా ఆగకుండా నడుస్తున్న తొట్టిలో అదనంగా స్పాంజి ఫిల్టర్లు వేసి, వాటిలో ఆ బాక్టీరియా పట్టేదాకా ఉంచి, కొత్తగా తొట్టి కొన్నవారికి వాటిలో ఒకదాన్ని తీసి ఇచ్చే దుకాణం నాకు ఇక్కడ ఇదొక్కటే కనిపించింది.

ఆ స్పాంజి విలువ తెలియాలంటే తొట్టిలో జరిగే పని తెలియాలి. చేపలు తమ మొప్పల గుండా ఎక్కువగా అమ్మోనియాను విడుస్తాయి. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. దాన్ని ఒక వర్గం సూక్ష్మజీవులు నైట్రైట్‌గానూ, మరొక వర్గం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తాయి. తుంగభద్రలో రాళ్లకు పట్టే జిగురు పొరలోనూ, సముద్రంలోనూ నిత్యం సాగే పనే ఇది. 1890 ప్రాంతంలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపిన ఈ బాక్టీరియా చాలా నిదానంగా పెరుగుతుంది. అనుకూల పరిస్థితుల్లో మన పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపైతే, వీటికి చాలా గంటలు, ఒక్కోసారి ఒక రోజుకు పైగా పడుతుంది. అందువల్ల కొత్త తొట్టి కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. ఈలోపు నిండా చేపలు వేసినవారు అవి చనిపోతే చేపలు మంచివి కావనుకుంటారు గాని, లోపం అక్కడ ఉండదు.

క్షారగుణం ఉన్న మన బోరు నీళ్ల విషయంలో ఇది మరింత ముఖ్యం. అమ్మోనియాలో చేపను చంపే రూపం పి.హెచ్. (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగేకొద్దీ పెరుగుతుంది, పి.హెచ్. 7 దగ్గర ఉన్నదానికన్నా 8 దగ్గర దాని వాటా దాదాపు పది రెట్లు ఉంటుంది, వేడి దాన్ని ఇంకా పెంచుతుంది. అయితే అదే నీటిలోని క్షారగుణం బాక్టీరియాకు మేలు చేస్తుంది: ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చేటప్పుడు ఏడు గ్రాములకు పైగా క్షారత ఖర్చవుతుంది కనుక, అది తక్కువగా ఉన్న మెత్తని నీటిలో ఈ పని నడుమనే కుంటుపడుతుంది.

దుకాణంలో బాక్టీరియా సీసాలు కూడా అమ్ముతారు గాని, వాటిని నేను సిఫారసు చేయలేను. వాటిని ముందు వరుసలో, ఎండ తగిలే అరలో పెట్టారు. కర్నూలు ఎండ మే నెలలో నలభై డిగ్రీలు దాటుతుందన్న సంగతి చెప్పనక్కరలేదు. ఇలాంటి సీసాల్లో ఉండే బాసిల్లస్ అనే బాక్టీరియా జాతులు సిద్ధబీజాలుగా, అంటే గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపంలోకి, మారి ఆ వేడిని తట్టుకోగలవు, మురికిని కుళ్లబెట్టగలవు; అమ్మోనియాను తిని బతికేవి మాత్రం సిద్ధబీజాలు ఏర్పరచవు. పైగా నేను చూసిన సీసా మీద నైట్రైట్‌ను మార్చే నైట్రోబాక్టర్ అనే బాక్టీరియా పేరే ఉంది. మంచినీటి తొట్లలో నైట్రైట్ పని ప్రధానంగా చేసేది నైట్రోస్పైరా అనే మరో బాక్టీరియా అని 1990లలోనే తేలింది. ఆ నైట్రోస్పైరాలో కొన్ని రెండు దశలనూ ఒంటరిగా పూర్తిచేయగలవని 2015లో వెల్లడైంది. సముద్రంలో అమ్మోనియాను మార్చే ఆర్కియాను (బాక్టీరియాలా కనిపించినా వేరే వర్గానికి చెందిన సూక్ష్మజీవులు) మొదటిసారి పెంచి చూపింది కూడా ఒక అక్వేరియం గులకరాళ్ల నుంచే: అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలోని ఉప్పునీటి తొట్టి, 2005. కాబట్టి నడుస్తున్న తొట్టిలో ఏయే జీవులు కుదురుకున్నాయో వాటినే తెచ్చుకోవడం సీసా మీది పేరును నమ్మడం కన్నా మేలు.

నాకు ఇచ్చిన స్పాంజి ముదురు గోధుమ రంగులో ఉంది. వేలితో నొక్కితే జారే జిగురు తగిలింది, దుర్వాసన లేదు, తడిసిన మట్టి వాసన మాత్రం వచ్చింది. సీసా ధరలో సగం కూడా తీసుకోలేదు. నేను అరడజను చేపలు అడిగితే యజమాని ఇవ్వలేదు. “ముందు రెండు మొలీలు సాలన్నా, స్పాంజికి అలవాటైనాక తక్కినవి తీసుకపోదువులే” అన్నాడు, మొలీలంటే చిన్న రంగు చేపలు. అమ్మకం తగ్గుతుందని తెలిసీ ఆ మాట చెప్పే వ్యాపారి మీద నాకు గౌరవం కలిగింది. తర్వాత టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ రంగు చూపలేదు.

లోపాలూ చెప్పాలి. ఇదే దుకాణంలో యాంటీబయోటిక్ పొడిని జబ్బేమిటని అడగకుండానే ఇస్తున్నారు. దాన్ని తొట్టి నీళ్లలో కలిపితే, ఏ బాక్టీరియాను అంత శ్రద్ధగా పెంచి ఇచ్చారో అదే దెబ్బతినవచ్చు. గోల్డ్ ఫిష్‌ను ఫిల్టర్ లేని గాజు గిన్నెలో పెట్టి అమ్మడం కూడా మానుకోవాలి. నైట్రైట్ పరీక్ష కిట్ ఇక్కడ దొరకదు, వేరేచోట కొనుక్కోవలసిందే.

కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో కూడా అడిగినవారికే చెబుతున్నారు, అందరికీ చెబితే బాగుంటుంది. ఈ సూక్ష్మజీవులకు ప్రాణవాయువు చాలా అవసరం. వేడి నీటిలో అది తక్కువగా కరుగుతుంది. అందుకని వేసవిలో బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి దగ్గర ఉంచుకోవాలి.

వెళ్లేవారు మూత ఉన్న డబ్బా ఒకటి తీసుకెళ్లి, స్పాంజిని ఆ దుకాణం తొట్టి నీళ్లలోనే ముంచి, ఎండ తగ్గాక సాయంత్రం పూట తెచ్చుకోవాలి. ఇంట్లో దాన్ని క్లోరిన్ ఉన్న కుళాయి కింద ఎప్పుడూ కడగకూడదు. నీళ్లు మార్చేటప్పుడు తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండితే సరిపోతుంది.